ఓపీ కౌంటరులో ఇచ్చిన ఫోన్ నంబరు

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా ఆసుపత్రి కౌంటరు దగ్గరకు వెళ్లగానే ముందు అడిగేది ఫోన్ నంబరు. పేరు, వయసు, ఊరు ఆ తర్వాత. బాధ ఏమిటన్నది లోపల డాక్టరు అడిగేదాకా ఎవరికీ పట్టదు. ఆ పది అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కిన క్షణం నుంచి ఆసుపత్రికీ మనకూ మధ్య రెండు సంబంధాలు మొదలవుతాయి. ఒకటి వైద్యం తాలూకుది: టోకెను, రక్తపరీక్ష రిపోర్టు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పే సందేశం. రెండోది వ్యాపారం తాలూకుది: గుండె పరీక్షల ప్యాకేజీ మీద దసరా తగ్గింపు, ఆదివారం ఉచిత వైద్య శిబిరం, మోకీలు మార్పిడి చేయించుకున్న పెద్దావిడ ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతున్న వీడియో. రెండూ ఒకే నంబరుకు, ఒకే వాట్సాప్‌లో, ఒకే ఆసుపత్రి పేరు మీద వస్తాయి.

రోగులకు చేరువ కావడానికి సామాజిక మాధ్యమాలను, డిజిటల్ సాంకేతికతను వాడుతున్నామని ఆసుపత్రులు చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలిపే చెబుతాయి. మొదటి పనిని సాధారణంగా ఓ నర్సు, ఓ కంప్యూటర్ ఆపరేటరు తీరిక చిక్కినప్పుడు చేస్తారు. రెండో పనికి ఏజెన్సీ, వీడియో తీసేవాళ్లు, నెలనెలా బడ్జెట్ ఉంటాయి. రెండింటినీ విడదీసి చూస్తే తప్ప ఈ వ్యవహారం అర్థం కాదు. నా వాదన ముందే చెబుతాను: ఆసుపత్రి డిజిటల్ సామర్థ్యాన్ని చేరకముందు మనం చూసిన వీడియోలను బట్టి కొలవకూడదు. డిశ్చార్జ్ అయిన ఐదో రోజున మనం పంపిన ప్రశ్నకు ఎవరు, ఎంతసేపట్లో జవాబిచ్చారన్న దాన్ని బట్టి కొలవాలి.

ఫేస్‌బుక్ రాకముందు

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. అక్కడ చదివిన డాక్టర్లలో చాలామంది ఈ రెండు పట్టణాల్లోనే నర్సింగ్ హోములు పెట్టుకున్నారు. పల్నాడు, ప్రకాశం, బందరు, ఏలూరు వైపుల నుంచి రోగులు రావడం అలవాటైంది. వాళ్లు ప్రకటన చూసి రాలేదు. ఊళ్లో ఇంజెక్షను చేసే ఆర్‌ఎంపీ చెబితే వచ్చారు, లేదా అంతకుముందు అక్కడ నయమైన బంధువును వెంటబెట్టుకుని వచ్చారు. ఆసుపత్రి పీఆర్‌వో మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి ఆర్‌ఎంపీలను కలవడం, పంపిన కేసుకు ఇంతని లెక్క కట్టడం ఈ ప్రాంతంలో బహిరంగ రహస్యం. రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం తప్పే. కాగితం మీద.

సామాజిక మాధ్యమాలు వచ్చి ఈ గొలుసును తెంచేశాయని కొందరు అంటారు. అది సగమే నిజం. ఆర్‌ఎంపీల బలగం లేని కొత్త ఆసుపత్రికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ నేరుగా ఇంట్లోకి దారి చూపించాయి. బలగం ఉన్న ఆసుపత్రులు ఆ బలగాన్నే వాట్సాప్ గ్రూపుల్లోకి మార్చుకున్నాయి. ఏ డాక్టరు ఏ రోజు ఉంటారు, కొత్తగా ఏ యంత్రం వచ్చింది, అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలి అన్న కబుర్లు అక్కడ నడుస్తాయి. ఇందులో మంచి లేదనను. అర్ధరాత్రి గుండె పట్టేసిన మనిషి ఈసీజీ ఫొటో నిమిషాల్లో గుండె డాక్టరు చేతిలోకి చేరడం చిన్న విషయం కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఇదే ఆలోచనను ఒక పద్ధతిలో పెట్టింది. పల్లె ఆసుపత్రి నుంచి ఈసీజీ పెద్దాసుపత్రిలోని నిపుణుడికి చేరితే, ఆయన సలహా మీద రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను అక్కడికక్కడే ఇస్తారు. అదే ఫోను, అదే ఫొటో. ఒక చోట కేసు పంపినందుకు లెక్క రాసుకుంటారు, మరో చోట ప్రాణం నిలబెట్టినందుకు.

ప్రకటన మనల్ని ఎలా వెతుక్కుంటుంది

తెనాలిలో ఒక అమ్మకు మోకాళ్ల నొప్పులు. కూతురు రాత్రి పడుకునే ముందు ఫేస్‌బుక్‌లో ఒక ఎముకల డాక్టరు వీడియో కనిపిస్తే చివరిదాకా చూస్తుంది. రెండు రోజుల తర్వాత అదే ఆసుపత్రి ప్రకటన మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. మన ఫోను మన మాటలు వింటోందని చాలామంది నమ్ముతారు. అంత శ్రమ ఎవరికీ అక్కర్లేదు. వీడియోను ఎవరు సగానికి పైగా చూశారో వాళ్లకే తర్వాతి ప్రకటన చూపించమని ఆసుపత్రి తరఫు ఏజెన్సీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను నడిపే మెటా సంస్థను అడగవచ్చు. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టూ ఇన్ని కిలోమీటర్లలో, 35 దాటినవాళ్లకు అని గీత గీయవచ్చు. గూగుల్‌లోనైతే మన వెతుకులాటే చాలు. 'మోకీలు మార్పిడి విజయవాడ' అని కొడితే పైన వచ్చే రెండు మూడు ఫలితాలు డబ్బు కట్టి కొనుక్కున్న స్థలాలు. చిన్న అక్షరాలతో ఆ సంగతి రాసి ఉంటుంది, చదివేవారు తక్కువ.

జబ్బుల పేర్ల మీద ఆసక్తిని బట్టి మనుషులను ఎంచుకునే సదుపాయాన్ని మెటా 2022 జనవరి నుంచి తీసేసింది. అయినా మరో తలుపు తెరిచే ఉంది. ఆసుపత్రి తన దగ్గరున్న ఫోన్ నంబర్ల జాబితాను సంకేత రూపంలో ఎక్కిస్తే, ఆ నంబర్ల తాలూకు ఖాతాలకు ప్రకటన చూపించవచ్చు. వాళ్లను పోలిన కొత్తవాళ్లను వెతికిపెట్టమని కూడా అడగవచ్చు. ఓపీ కౌంటరులో మనం చెప్పిన నంబరు ప్రయాణం కట్టగల దారుల్లో ఇది ఒకటి. ఆరోగ్య సమాచారాన్ని తమకు పంపవద్దని మెటా నిబంధనల్లోనే ఉంది. కానీ 'ఈ నంబర్లన్నీ కీళ్ల విభాగం ఓపీవి' అన్న సంగతి జాబితా పేరులోనే ఉంటే దాన్ని ఏమనాలి?

ఇంతకన్నా నిశ్శబ్దంగా జరిగేది వెబ్‌సైటులో. 2022 జూన్‌లో అమెరికాలో 'ద మార్కప్' అనే వార్తా సంస్థ 100 పేరున్న ఆసుపత్రుల వెబ్‌సైట్లను పరిశీలిస్తే, 33 చోట్ల అపాయింట్‌మెంట్ బటన్ నొక్కిన సమాచారం ఫేస్‌బుక్‌కు చేరుతోందని తేలింది. ప్రకటనలు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి వెబ్‌సైటులో పెట్టే చిన్న కోడ్ అందుకు కారణం. కొన్నిచోట్ల ఏ డాక్టరు, ఏ జబ్బు అన్న వివరం కూడా వెళ్లింది. ఇందుకు కుట్రేమీ అక్కర్లేదు, ఏజెన్సీ పెట్టమంటుంది, ఐటీ మనిషి పెడతాడు, ఏం పంపుతోందో ఎవరూ చూడకపోతే చాలు. అదే కోడ్‌ను ఇక్కడి ఏజెన్సీలు కూడా ఉచితంగా తెచ్చి పెట్టుకోవచ్చు.

ఇక ప్రకటన కింద 'ఉచిత సలహా కోసం వివరాలు ఇవ్వండి' అన్న బటన్ ఉంటుంది. నొక్కితే పేరు, నంబరు ముందే నిండి ఉంటాయి, మనం ఊ అంటే చాలు. అప్పటి నుంచి మనల్ని ఆ ఆఫీసులో 'లీడ్', అంటే రాబోయే అవకాశమున్న గిరాకీ, అంటారు. వెంటనే కాల్ సెంటరు నుంచి ఫోను వస్తుంది, ఎందుకంటే ఆలస్యమైతే లీడ్ చల్లారిపోతుందని వాళ్ల లెక్క. చక్కటి తెలుగులో, 'అమ్మగారికి ఎన్నాళ్ల నుంచి నొప్పండీ?' అని ఆప్యాయంగా అడిగే ఆ అమ్మాయి నర్సు కాకపోవచ్చు. ఆమె పనితీరును ఎంతమంది ఓపీకి వచ్చారన్న అంకెతో కొలుస్తారు. 'ఒకసారి వచ్చి చూపించుకోండి సార్' అనడం ఆమె ఉద్యోగం. దాన్ని వైద్య సలహాగా తీసుకోకపోతే చాలు, ఆమె మీద కోపం అక్కర్లేదు.

2002లో రాసిన నియమాలు

డాక్టరు తనను తాను ప్రచారం చేసుకోవడం, రోగులను నేరుగా గానీ పరోక్షంగా గానీ రప్పించుకోవడం వృత్తి ధర్మానికి విరుద్ధమని 2002 నియమావళి చెబుతుంది. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు అందుబాటులో లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు పత్రికలో ప్రకటన ఇచ్చుకోవచ్చు. బోర్డు మరీ పెద్దదిగా ఉండకూడదు. బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద సొంత ఫొటో వేసుకున్నా స్వీయ ప్రచారం కిందికే వస్తుంది. బందరు రోడ్డు మీద ఒక్కసారి తలెత్తి చూసినవారికి ఈ వాక్యాలు హాస్య రచనలా అనిపిస్తాయి.

నర్సింగ్ హోము వంటి సంస్థకు అదే నియమావళి కాస్త వెసులుబాటు ఇచ్చింది. పేరు, ఏ రకం రోగులను చేర్చుకుంటారు, ఏయే సౌకర్యాలున్నాయి, ఫీజు ఎంత అని చెప్పవచ్చు. అంతకు మించి ఏమీ ఉండకూడదు. చిక్కు ఏమిటంటే, ఈ నియమావళి రిజిస్టరైన డాక్టరును పట్టుకోగలదు గానీ కంపెనీగా నడిచే ఆసుపత్రిని పట్టుకోలేదు. డాక్టరు మాట్లాడతారు, ఆసుపత్రి ఛానల్ ప్రసారం చేస్తుంది. ప్రచారం ఎవరు చేసుకున్నారంటే ఎవరూ చేసుకోలేదు.

2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించింది. వాటిలో సామాజిక మాధ్యమాల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు పెట్టారు. లైకులు, ఫాలోయర్లను డబ్బిచ్చి కొనకూడదు. రోగుల ఫొటోలు, స్కాన్‌లు పెట్టకూడదు. తమను మెచ్చుకుంటూ మాట్లాడమని రోగులను అడగకూడదు. సరిగ్గా మూడు వారాలకు, ఆగస్టు 23న, మొత్తం నిబంధనలను పక్కన పెట్టారు. గొడవ ప్రధానంగా మందులను జనరిక్ పేర్లతోనే రాయాలన్న నిబంధన మీద జరిగింది; సామాజిక మాధ్యమాల భాగం మీద పెద్దగా ఎవరూ పోట్లాడలేదు, అయినా అదీ కొట్టుకుపోయింది. మళ్లీ 2002 నియమావళే దిక్కయింది. దాన్ని రాసేనాటికి ఫేస్‌బుక్ లేదు, యూట్యూబ్ లేదు.

వేరే చట్టాలు లేకపోలేదు. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం జాబితాలోని 54 జబ్బులకు మందుతో నయం చేస్తామని ప్రకటించుకోవడం నేరం. షుగరు, క్యాన్సరు ఆ జాబితాలో ఉన్నాయి. గర్భంలో ఉన్నది ఆడో మగో చెబుతామన్న ప్రకటన ఇంటర్నెట్‌లో పెట్టినా 1994 చట్టం కింద శిక్ష తప్పదు. ఆరోగ్యం గురించి మాట్లాడే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతలు వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. పేరున్న ఆసుపత్రి తీసిన మర్యాదస్తుల వీడియో వీటిలో వేటికీ చిక్కదు.

డిశ్చార్జ్ రోజున కెమెరా

రోగి అనుభవం చెప్పే వీడియోలు చాలా బలంగా పనిచేస్తాయి. పొన్నూరు రైతు తన యాసలో 'నడవలేనన్న మనిషిని, ఇదిగో పొలం వెళ్తన్నా' అంటే అంతకు మించిన ప్రకటన ఉండదు. వైద్యపరంగా దాని విలువ మాత్రం తక్కువ. అదే ఆపరేషను చేయించుకుని ఇంకా కుంటుతున్న మనిషిని ఎవరూ వీడియో తీయరు కాబట్టి, వందమందిలో ఎంతమందికి నయమైందన్న ప్రశ్నకు ఆ వీడియోలో జవాబు ఉండదు.

అనుమతి మాటేమిటి? చాలాచోట్ల చేర్చుకునేటప్పుడు పెట్టించే సంతకాల్లోనే ఒక కాగితం అదీ ఉంటుంది, లేదా డిశ్చార్జ్ రోజున, బిల్లు ఇంకా ఖరారు కాకముందు, పీఆర్‌వో వచ్చి 'రెండు ముక్కలు మాట్లాడండి' అంటాడు. బిల్లులో తగ్గింపు అడగాలనుకుంటున్న మనిషి ఆ క్షణంలో కాదనగలడా? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతులు లేకుండా ఉండాలంటుంది. ఇచ్చినంత తేలికగా వెనక్కు తీసుకునే వీలు ఉండాలంటుంది. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే అవకాశం ఇవ్వాలంటుంది. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆసుపత్రులు ఇప్పుడే కాగితాలు మార్చుకుంటే మంచిది. వైద్యానికి సమ్మతి, ప్రచారానికి సమ్మతి ఒకే సంతకంలో ఉండకూడదన్నది అందులో మొదటి మార్పు.

గూగుల్ నక్షత్రాల కథ కూడా ఇలాంటిదే. బిల్లు కౌంటరులో క్యూఆర్ కోడ్ పెట్టి అందరినీ రాయమని అడగడంలో తప్పు లేదు. ముందు 'మీరు సంతృప్తి చెందారా?' అని అడిగి, అవునన్నవాళ్లకే రివ్యూ లింకు, కాదన్నవాళ్లకు లోపలి ఫిర్యాదు ఫారం పంపడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, అది స్వచ్ఛందమే. నేను రివ్యూలు చదివేటప్పుడు ఐదు నక్షత్రాలను వదిలేసి, రెండు మూడు నక్షత్రాలవి, వాటికి ఆసుపత్రి ఇచ్చిన జవాబులు చదువుతాను. ఓ రోగి బిల్లు గురించి ఫిర్యాదు రాస్తే, ఆయనకు ఏ జబ్బు ఉందో, ఏ రోజు ఏం జరిగిందో అందరూ చదివేలా జవాబులో రాసేసే ఆసుపత్రులున్నాయి. ఫిర్యాదు నిజమో కాదో పక్కన పెట్టండి. రోగి రహస్యాన్ని కోపంలో బయటపెట్టేవాళ్లు నాకు అక్కర్లేదు.

ఇరవై నాలుగు గంటల కిటికీ

ఇప్పుడు వైద్యం తాలూకు ఫోను సంగతి. ఇందులో అన్నిటికన్నా చవకైనది, పనిచేస్తుందని బాగా రుజువైనది గుర్తు చేసే సందేశం. ఏమీ పంపకపోవడంతో పోలిస్తే అపాయింట్‌మెంట్ గుర్తు చేస్తూ పంపే ఎస్సెమ్మెస్ వల్ల ఎక్కువమంది వస్తారని, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2013 సమీక్ష తేల్చింది. ఇది ఆసుపత్రికీ లాభం, రోగికీ లాభం. అయినా మన దగ్గర పండుగ తగ్గింపు సందేశం వచ్చినంత ఠంచనుగా పాప టీకా సందేశం రాదు.

వాట్సాప్‌లో ఆసుపత్రి ప్రవర్తన వింతగా ఉండటానికి ఒక సాంకేతిక కారణం ఉంది, అది చాలామందికి తెలియదు. వ్యాపార ఖాతాకు మనం సందేశం పంపితే 24 గంటల కిటికీ తెరుచుకుంటుంది. ఆ లోపల వాళ్లు ఏదైనా స్వేచ్ఛగా రాయవచ్చు. అది దాటాక, మెటా ముందుగా ఆమోదించిన మూస సందేశాలే పంపగలరు. అందుకే శనివారం సాయంత్రం 'కుట్ల దగ్గర నీరు కారుతోంది' అని మనం పంపితే, సోమవారం ఉదయం డ్యూటీకొచ్చిన నర్సు రెండు మాటలు రాద్దామన్నా కుదరదు. 'మా సేవలకు ధన్యవాదాలు, సహాయం కోసం 1 నొక్కండి' అన్న మూస వస్తుంది. నర్సుకు నిర్లక్ష్యం లేదు, కిటికీ మూసుకుపోయింది. ఆదివారం ఫోను చూసే మనిషిని పెట్టకపోవడం మాత్రం ఆసుపత్రి నిర్ణయమే. ఈ మూసల్లో ప్రచారం రకానికి ఎక్కువ ధర, సమాచారం రకానికి తక్కువ ధర. తక్కువ ధర దానిలో తెలుగులో రాసుకునే వీలు కూడా ఉంది. 'ఆపరేషను తర్వాత మూడో రోజు: జ్వరం 101 దాటితే వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అన్న మూసను ఆమోదింపజేసుకోవడం పెద్ద పనేమీ కాదు. ఎంతమంది చేశారన్నదే ప్రశ్న.

చాట్‌బాట్ల విషయంలో ఒక గీత స్పష్టంగా ఉంది. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కృత్రిమ మేధ మీద నడిచే వేదికలు రోగికి సలహా చెప్పకూడదు, మందులు రాయకూడదు, డాక్టరుకు సాయపడవచ్చు. అవే మార్గదర్శకాలు వాట్సాప్ ద్వారా డాక్టరును సంప్రదించడాన్ని అనుమతించాయి. నేరుగా చూపించుకుని ఆరు నెలలు దాటకపోతే, జబ్బు అదే అయితే, అది తదుపరి సంప్రదింపు కిందికి వస్తుంది, మందుల విషయంలో డాక్టరుకు కాస్త ఎక్కువ వీలు ఉంటుంది. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. చీటీని ఫొటో తీసి పంపినా చెల్లుతుంది. మాచర్ల నుంచి గుంటూరుకు బస్సులో వచ్చి, ఓపీలో మూడు గంటలు కూర్చుని, 'అవే మందులు వాడండి' అనిపించుకుని వెళ్లేవారికి ఈ ఒక్క ఏర్పాటు ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పాలా?

రిపోర్టుల గురించి ఒక చిన్న మాట. ఎక్స్‌రే, సీటీ ఫిల్మును కిటికీకి ఆనించి ఫొటో తీసి పంపడం మన ఇళ్లలో మామూలైంది. వాట్సాప్ ఫొటోను నొక్కి చిన్నది చేస్తుంది. సన్నటి పగులు, చిన్న మచ్చ అందులో మాయం కావచ్చు. స్కానింగ్ సెంటరు ఇచ్చే లింకునో సీడీనో అడిగి తీసుకోవాలి. ఫొటో తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళిలోనే ఉంది. దాన్ని ఎవరూ ఫ్లెక్సీ మీద వేయరు.

ఆ నంబరు ఎవరిది?

ఈ ప్రాంతంలో అసలైన చిక్కు సాంకేతికతలో లేదు, ఇంట్లో ఉంది. సత్తెనపల్లి తండ్రి గుండె డాక్టరుకు చూపించుకుంటాడు, కౌంటరులో బెంగుళూరు కొడుకు నంబరు చెబుతాడు. లేదా డాలస్‌లోని కూతురి వాట్సాప్ నంబరు. రిపోర్టు ఆమెకు వెళుతుంది, ఆమె రాత్రి తమకు తెలిసిన డాక్టరుకు పంపి, పొద్దున తండ్రికి ఫోను చేసి మందు మార్చమంటుంది. ఆసుపత్రి వ్యవస్థ దృష్టిలో రోగికి చేరాల్సినవన్నీ చేరాయి. మాత్ర వేసుకోవాల్సిన మనిషి చేతిలో బటన్ల ఫోను, అందులో ఏమీ లేదు.

ఇది ప్రేమతో పుట్టిన అలవాటు, తప్పు పట్టలేను. కానీ దీనికి రెండో వైపు ఉంది. పద్దెనిమిది దాటిన అమ్మాయి గైనకాలజిస్టు దగ్గరకు వెళితే, పాత రికార్డులో ఉన్న నాన్న నంబరుకు రిపోర్టు పోతుంది. మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ గుర్తు చేసే సందేశం ఇంట్లో అందరూ చూసే ఫోనులో మెరుస్తుంది. కౌంటరులో ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే సరిపోతుంది: రిపోర్టు ఏ నంబరుకు పంపాలి, మాట్లాడటానికి ఏ నంబరుకు చేయాలి? రెండు గడులు. బటన్ల ఫోను ఉన్నవారికి రికార్డు చేసిన తెలుగు గొంతుతో కాల్ వెళ్లే ఏర్పాటు కూడా ఎప్పటి నుంచో ఉన్నదే. నేను గమనించినంతలో ఆ గొంతును ఆసుపత్రులు ఎక్కువగా ఉచిత శిబిరాలకే వాడుతున్నాయి.

సామాజిక మాధ్యమం రోగులకు నిజంగా ఉపయోగపడిన సందర్భాల్లో నాకు నచ్చినది అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిది. గుండె రక్తనాళం గోడ దానంతటదే చీలిపోయే అరుదైన జబ్బు వచ్చిన మహిళలు ఒక ఆన్‌లైన్ బృందంలో ఒకరినొకరు కనుక్కున్నారు. మా మీద పరిశోధన చేయండి అని వాళ్లే డాక్టర్లను అడిగారు. ఆ బృందం నుంచి వచ్చిన 12 మందితో చేసిన తొలి అధ్యయనం 2011లో అచ్చయింది. అక్కడ ఆసుపత్రి మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. మన దగ్గర డయాలసిస్ రోగుల కుటుంబాలు, మొదటి రకం షుగరు ఉన్న పిల్లల తల్లులు సొంతంగా గ్రూపులు పెట్టుకుని ఎక్కడ ఇన్సులిన్ దొరుకుతుందో, ఏ కేంద్రంలో స్లాటు ఖాళీ ఉందో చెప్పుకుంటుంటారు. ఆ గ్రూపులో వారానికి ఒక గంట కూర్చునే డాక్టరో, డైటీషియనో ఉంటే, సంక్రాంతి అరిసెల నుంచి పాదాల పుండ్ల దాకా ఎన్ని అపోహలు అక్కడికక్కడే తీరిపోతాయో.

ప్రభుత్వం వైపు

2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఆభా అనే ఆరోగ్య గుర్తింపు సంఖ్యలో 14 అంకెలుంటాయి. దీని మీద రెండు అపోహలున్నాయి. మన రికార్డులన్నీ ఢిల్లీలో ఒక కంప్యూటర్‌లో చేరతాయన్నది ఒకటి. రికార్డులు ఆసుపత్రుల దగ్గరే ఉంటాయి, మనం సమ్మతిస్తే ఒకచోటి నుంచి మరోచోటికి వెళతాయి. ఆ సంఖ్య ఉంటే వైద్యం ఉచితమన్నది రెండోది. వైద్య ఖర్చు భరించే పథకం వేరు, ఈ సంఖ్య వేరు. 2022 అక్టోబరులో వచ్చిన స్కాన్ అండ్ షేర్ పద్ధతిలో ఆసుపత్రి దగ్గరి క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా వెళ్లిపోయి టోకెను వస్తుంది. పెద్దాసుపత్రుల ఓపీ వరుసలకు ఇది నిజమైన ఉపశమనం, స్మార్ట్‌ఫోను ఉన్నవారికి. లేనివారికి పాత వరుస ఉండాలి, దాన్ని చిన్నది చేసి ఒక కిటికీకి కుదించకూడదు. మొత్తంగా చూస్తే సంఖ్య పొందినవారు చాలామంది, దానికి జతైన రిపోర్టులు తక్కువ. ప్రైవేటు ల్యాబులు, నర్సింగ్ హోములు కలిసి వస్తే తప్ప అది నిండదు. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా గ్రామంలోని ఆరోగ్య కేంద్రం నుంచే నిపుణుడితో మాట్లాడే వీలుంది, ఆంధ్రప్రదేశ్ దాన్ని బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఒకటి. ప్రైవేటు ఆసుపత్రుల వీడియోలకు వచ్చిన పేరు దీనికి రాలేదు. దీనికి ఏజెన్సీ లేదు మరి.

భద్రత మాట కూడా చెప్పుకోవాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, కొన్నాళ్లు ఓపీ పనులు చేతిరాతతో నడిచాయి. అంత పెద్ద సంస్థకే ఆ గతి పడితే, పాస్‌వర్డును మానిటరుకు అంటించిపెట్టుకునే చోట చెప్పనక్కర్లేదు. రోగుల వైపు నుంచి చూస్తే ప్రమాదం ఇంకా మామూలుగా ఉంటుంది: గూగుల్‌లో ఆసుపత్రి నంబరు వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబరు తగులుతుంది, టోకెను కోసం ఐదో పదో రూపాయలు కట్టమని లింకు పంపుతారు, నొక్కితే ఖాతా ఖాళీ. పాత చీటీ మీద అచ్చయిన నంబరుకే చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

యాభై పడకల ఆసుపత్రి ఏం చేయవచ్చు

కార్పొరేట్ ఆసుపత్రులకు సొంత యాప్‌లున్నాయి. కొత్తపేటలో యాభై పడకలతో నడిచే నర్సింగ్ హోముకు యాప్ అక్కర్లేదు. వైద్యానికి ఒక నంబరు, ప్రచారానికి మరో నంబరు వేరుగా పెట్టుకోవాలి. మొదటి నంబరు నుంచి పండుగ శుభాకాంక్షలు కూడా వెళ్లకూడదు, అప్పుడే దాని నుంచి ఏదైనా వస్తే రోగి వెంటనే తెరిచి చూస్తాడు. ఆ ఫోను ఆసుపత్రిది కావాలి, పీఆర్‌వో సొంత ఫోను కాకూడదు; ఆయన ఉద్యోగం మారినప్పుడు వందల మంది రిపోర్టులు ఆయన వెంట వెళ్లిపోతాయి. డిశ్చార్జ్ కాగితానికి తెలుగులో ఒక పేజీ జతచేసి, దాన్నే ఫొటోగా పంపాలి.

మిగిలిన ఖర్చు ఒక నర్సు సాయంత్రం డ్యూటీ, ఆదివారంతో కలిపి. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆమె పని ఆ ఫోను చూడటం, డిశ్చార్జ్ అయిన రెండో రోజున, ఐదో రోజున తానే ఫోను చేయడం. అడగాల్సినవి ఒక కాగితం మీద రాసి ఇస్తే సరిపోతుంది: జ్వరం వచ్చిందా, కుట్లు ఎలా ఉన్నాయి, అన్నం తింటున్నారా, చీటీలోని మందులన్నీ దొరికాయా, ఏదైనా మానేశారా, మానేస్తే మందు పడక మానేశారా లేక డబ్బు చాలక మానేశారా. జవాబులు రోగి ఫైల్లోకి ఎక్కాలి, మర్నాడు రౌండ్లకు ముందు డాక్టరు వాటిని చూడాలి.